దరఖాస్తు పని కూడ ఒక వృత్తియే

విత్తనము మంచిదైనను అదను తప్పినచో పంట దక్కదు. ప్రభుత్వ సహాయము సంగతియు ఇట్టిదే. పథకము మంచిదైనను, రైతునకు అర్హత యున్నను, కాగితములు సకాలములో సరిగా చేరనిచో సొమ్ము చేతికి రాదు. చదువుకొన్న గ్రామ యువతీ యువకులు ఈ లోటు తీర్చు పనిని ఒక వృత్తిగా చేపట్టవలెనని మా అభిప్రాయము.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతమునే చూడుడు. 2023 జూలైలో మునియేరు పొంగి, కీసరకు సమీపమున ఐతవరము వద్ద హైదరాబాదు-విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు ఆరంభమున మరల వరద వచ్చినది. ఇట్టి వరదలో చేను మునిగినపుడు పరిహారము లెక్కకు ఆధారము ఈ-పంట నమోదు. అందులో సాగుదారు పేరు లేనిచో, అధికారి యెంత దయగలవాడైనను చేయగలిగినది స్వల్పము. పట్టా ఒకరిది, పెట్టుబడి వేరొకరిది అయిన చోట నష్టపోవువాడు కౌలు రైతే.

కౌలు రైతునకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇచ్చుటకు 2019లో చట్టము వచ్చినది. దానికి యజమాని సమ్మతి కోరబడినది. సంతకము చేసిన భూమి చేజారునేమో యని యజమాని భయము. ఆ కార్డు వలన యాజమాన్య హక్కునకు భంగము లేదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఈ మాట యజమాని అరుగు మీద కూర్చుండి ఓపికతో నచ్చచెప్పగలవాడు కావలెను. కంప్యూటరు మీట నొక్కువాడు మాత్రమే చాలడు.

మరియొక ఉదాహరణము. పి.ఎం. కిసాన్ పథకము క్రింద ఏడాదికి రూ. 6,000, మూడు వాయిదాలుగా రైతు ఖాతాలో పడును. 2019 ఫిబ్రవరి 1 తరువాత భూమి కొన్నవారికి ఈ సహాయము లేదు. కాని పట్టాదారు మరణించి, వారసత్వముగా భూమి సంక్రమించినవారికి కలదు. తండ్రి పోయిన పిదప పాసు పుస్తకము మార్పించుకొనక యూరకున్న కొడుకునకు ఈ భేదము ఎవరు చెప్పుదురు? మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, మ్యుటేషను, ఆధారు, బ్యాంకు ఖాతా అను వరుస తెలిసినవానికి ఇది కొలది దినముల పని. తెలియనివానికి ఏండ్ల తిరుగుడు.

గ్రామ సచివాలయములు 2019 అక్టోబరు 2 నుండి ఉన్నవి గదా, మరొకరు ఎందులకని కొందరు అడుగవచ్చును. సచివాలయము దరఖాస్తు తీసికొనును. దానికి ముందు కాగితములు కూర్చుట, తిరస్కరించిన పిదప కారణము చదివి దిద్దించుట, ఈ రెండు పనులకును తగినంత తీరిక సిబ్బందికి ఉండదు. 2019లో ఏర్పడిన వాలంటీర్లు ఇంటింటికి తిరిగిరి. 2024 జూలై 1 నుండి పింఛను పంపిణీ సచివాలయ సిబ్బంది చేతికి వచ్చినది. ఉత్తరువుతో వచ్చిన తోడ్పాటు ఉత్తరువుతోనే మారును. ఊరిలో కాలు నిలద్రొక్కుకొన్న వృత్తిదారు అట్లు కాదు.

ఇంగ్లండు దేశములో 1939 సెప్టెంబరులో యుద్ధము ఆరంభమైన మరునాడే పౌరులకు సలహా యిచ్చు కేంద్రములు సుమారు 200 తెరువబడినవి. యుద్ధము ముగిసినను అవి ముగియలేదు. చిక్కులు యుద్ధముతో పోవునవి కావని అచటి ప్రజలు గ్రహించిరి.

ఈ పని ఎట్లు ఆరంభించవలెను? పదవ తరగతి ఉత్తీర్ణులై 18 ఏండ్లు నిండినవారు కామన్ సర్వీస్ సెంటరు పెట్టుకొనుటకు ప్రయత్నింపవచ్చును. న్యాయ సేవాధికార సంస్థవారు పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇచ్చుచున్నారు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, వికలాంగులకు, వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయము 1987 నాటి చట్టము ప్రకారము కలదను సంగతి అట్టి శిక్షణలో తెలియును. మొదట ఒక్క గ్రామము, మూడు పథకములు చాలును. అడంగలు, 1బి చదువుట, అర్హత నిబంధనలు పూర్తిగా చదువుట, గడువులు గుర్తుంచుకొనుట నేర్వవలెను. ఫసల్ భీమాలో వడగండ్లు, ముంపు వంటి స్థానిక నష్టము 72 గంటలలో తెలుపవలెను. నాల్గవ నాడు ఎంత యేడ్చినను ఫలము లేదు.

ఇక ముఖ్యమైనది నడవడి. వచ్చిన సొమ్ములో భాగము అడుగువాడు వృత్తిదారు కాడు, దళారి. రూ. 2,000 వాయిదాలో ఐదవ వంతు తీసికొన్నచో రైతునకు రూ. 400 పోయినట్లే. పనిని బట్టి ధర నిర్ణయించి పలక మీద వ్రాయవలెను. సర్కారు రుసుము వేరుగా, తన కూలి వేరుగా రసీదు ఈయవలెను. రైతు పాసు పుస్తకము తన వద్ద ఉంచుకొనరాదు. ఓటీపీ వచ్చినపుడు అది దేనికో చెప్పి, రైతు ఎదుటనే వాడవలెను. అర్హత లేనివానికి లేదని ముఖము మీదనే చెప్పవలెను. ఆదాయపు పన్ను కట్టువానికి పి.ఎం. కిసాన్ దరఖాస్తు పెట్టించినచో, పిమ్మట తిరిగి కట్టవలసివచ్చును. కూలి ముట్టినను పరువు పోవును.

గ్రామాధికారులకు ఒక మనవి. ఇట్టివారిని దళారులతో జమకట్టి గుమ్మము వద్దనే ఆపవద్దు. తిరస్కరించిన ప్రతి దరఖాస్తునకు కారణము వ్రాసి ఇండు. కారణము వ్రాతలో ఉన్నచో రైతు దానిని దిద్దుకొనును, మీకును మరల మరల వచ్చు జనము తగ్గును. 2005 నాటి సమాచార హక్కు చట్టము 30 దినములలో జవాబు ఈయవలెనని చెప్పుచునే యున్నది. మన రాష్ట్రములో గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తునకు రుసుము కూడ లేదు. అడిగించుకొనక ముందే చెప్పుట అధికారికి గౌరవము.

రైతు సోదరులారా! పరిహారము, పింఛను భిక్షము కావు. చట్టము మీకు ఇచ్చిన హక్కులు. నాగలి చెడిన వడ్రంగి వద్దకు పోవుదుము, కూలి ఇచ్చెదము. కాగితము చెడినపుడును అట్లే తెలిసినవాని వద్దకు పోయి, న్యాయమైన కూలి ఇచ్చి, రసీదు అడిగి తీసికొనుడు. మీ ఇంట చదువుకొని పట్టణమువైపు చూచుచున్న పిల్లలున్నచో, ఊరిలోనే ఇట్టి గౌరవమైన పని యొకటి కలదని వారికి చెప్పుడు.