బుర్రింగుర్రాకు బండి తీసే ముందు

ఆస్ట్రేలియాలో చదువుకునే మనవాళ్లు ఎవరైనా కారు వేసుకుని మౌంట్ అగస్టస్ చూసొద్దామని ప్లాన్ చేస్తుంటే ఒక మాట. ఆ కొండ అసలు పేరు బుర్రింగుర్రా. వజర్రి ఆదివాసులది. 1858లో ఫ్రాన్సిస్ గ్రెగరీ అనే సర్వేయర్ వచ్చి దానికి తన అన్న పేరు పెట్టేశాడు. (ఇలాంటి కథ మనకు కొత్తేం కాదు.)

పెర్త్ నుంచి 850 కిలోమీటర్ల పైనే. చివర్లో వందల కిలోమీటర్లు మట్టిరోడ్డు, వాన పడితే మూసేస్తారు. అద్దె కారుని మట్టిరోడ్డెక్కించనిస్తారో లేదో ముందే అడగండి. స్పేర్ టైర్లు రెండు, నీళ్లు అనుకున్నదానికి డబుల్. డిసెంబర్, జనవరిల్లో వద్దే వద్దు. శిఖరం దారి రానూపోనూ 12 కిలోమీటర్లు.

ఇవి ఎవరైనా చెప్తారు. నా బాధ వేరే. వంజంగి మేఘాలు చూడ్డానికొచ్చి ప్లాస్టిక్ పడేసి పోయేవాళ్లని మనం తిట్టుకుంటాం కదా? అక్కడ ఆ టూరిస్టులం మనమే. రాళ్ల మీద పాతకాలం చెక్కిన బొమ్మలుంటాయి, తాకొద్దు. ఉలూరు ఎక్కొద్దని అనంగు జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2019 అక్టోబర్ 26న గానీ ఆ దారి మూతపడలేదు. చివరి రోజుల్లో ఎక్కడానికి జనం క్యూ కట్టారు! ఆ క్యూలో మనవాడు ఒక్కడున్నా నాకు సిగ్గే. బుర్రింగుర్రా ఎక్కనిస్తారు, ఎక్కండి. ఫొటో పెట్టేటప్పుడు మాత్రం ఆ పేరే రాయండి తమ్ముళ్లూ.