ఎవరి నోట వారి మాట

2005వ సంవత్సరం ఏప్రిల్ 23వ తేదీన యూట్యూబులో తొలి వీడియో వెలువడినది. ఆ సంస్థను స్థాపించిన ముగ్గురిలో ఒకడైన జావేద్ కరీం, అమెరికాలోని శాన్ డియాగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు బాగా పొడుగని చెప్పి ఊరుకున్నాడు. మొత్తం 19 సెకండ్లు. అందులో కథ లేదు, కళ అంతకన్నా లేదు. ఒక మనిషి తానున్న చోటినుండి, తనకు తోచిన మాట, తన గొంతుతో చెప్పినాడు, అంతే. నిన్ను నీవే ప్రసారం చేసుకొమ్మన్నది ఆ సంస్థ తొలినాటి నినాదం.

ఈ నినాదానికి తెలుగునాట ఒక విశేషార్థం కలిగినది. ఎవరి తెలుగు నలుగురి చెవిన పడవలెనో ఇక్కడ ఎప్పుడూ కొద్దిమందే నిర్ణయిస్తూ వచ్చినారు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) వ్యావహారికంకోసం జీవితమంతా పోరాడినారు. ఆ పోరాటం ఫలించినది. కాని అచ్చుకెక్కిన వ్యావహారికం చాలవరకు కోస్తా జిల్లాల విద్యావంతుల వ్యావహారికం. తెలంగాణ పల్లెపలుకు సినిమాలలో ఏళ్ల తరబడి హాస్యగాని నోటనో, దుర్మార్గుని నోటనో తప్ప వినపడలేదు. బడిలో పిల్లవాడు ఇంటిమాట మాట్లాడితే దిద్దడమే తమ ధర్మమనుకున్న ఉపాధ్యాయులు ఉండేవారు. ఇప్పుడు లేరని చెప్పడమూ కష్టమే.

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో లంబాడిపల్లి అని ఒక చిన్న ఊరు. ఆ ఊరి యువకుడు శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అనే ఛానల్ ప్రారంభించినాడు. కొన్నేళ్లకు ఇరుగుపొరుగువారిలోనే ఒకరైన మిల్కూరి గంగవ్వ అందులో కనిపించడం మొదలుపెట్టినది. కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లలను సాకిన మనిషి.  వ్రాసిన సంభాషణ చదువరాదు గనుక సంగతి చెవిన వేసుకొని, తన మాటలో చెప్పవలసి వచ్చినది. ఆమె బలమంతా అక్కడనే ఉన్నది. వాకిట్లో పక్కింటివారితో తగవులాడుతున్నట్లే ఉంటుంది గాని నటిస్తున్నట్లు తోచదు. 2019లో 'మల్లేశం' చిత్రంలోను, 2020లో టెలివిజన్‌లో బిగ్ బాస్‌లోను కనిపించినది. ఆమెకు కీర్తి రావడం కాదు విశేషం. ఇన్ని మెట్లెక్కినా ఆమె పలుకును ఎవరూ దిద్దలేదు.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలనుండి గల్ఫు దేశాలకు పోయినవారెందరో ఉన్నారు. పగలంతా ఎండలో పనిచేసి, ఇరుకుగదిలో మంచంమీద ఫోను పట్టుకున్నవానికి ఆ వాకిలి, ఆ వేపచెట్టు, ఆ తిట్టు వినోదం మాత్రమేనా? ఒకరినొకరు ఎరుగని వేలమంది ఒకే వాకిట్లో కూర్చున్నట్లు అవుతున్నది. ఇక ఆంధ్రప్రదేశ్‌లో నూరేళ్లు దాటిన మస్తానమ్మ కట్టెలపొయ్యి ముందు కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండితే, ఆమె తెలుగు ఒక్క ముక్క తెలియనివారు సైతం చూచినారు. 2018లో ఆమె కన్నుమూసేనాటికి ఆ ఛానల్ చందాదారులు పది లక్షలు దాటినారు.

అయితే ఈ వేదిక ఊరికే దొరికినది కాదు. ఎందరు చూచినారు, ఎంతసేపు చూచినారు అన్న లెక్కనుబట్టి ప్రకటనల సొమ్ములో వాటా వస్తుంది. నిన్న నోరుజారిన ఒక మాటకు లోకం నవ్వితే, నేడు ఆ మాట కావాలని జారవలసి వస్తుంది. యాస అనేది పలికేవానికి తెలియకుండా పలికేది. తెలిసి దట్టంగా పలికితే అది వేషం. పేరు పొందిన ఛానళ్లను అనుకరించి పుట్టినవాటిలో పల్లె అంటే తాగుబోతు మగడు, గయ్యాళి అత్త, తెలివిమాలిన కొడుకు. ఒకనాడు సినిమావారు పల్లెవానికి తొడిగిన విదూషకుని అంగీని ఇప్పుడు అతడే కుట్టించుకుంటున్నాడు. దీనికి ప్రేక్షకుని బాధ్యత లేదనడానికి వీలులేదు. అతని వేలు ఏ బొమ్మమీద ఆగితే అదే బొమ్మ మళ్లీ పుడుతున్నది.

పైగా ఈ అరుగు కూర్చున్నవారి సొత్తు కాదు. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వం దేశభద్రత దృష్ట్యా 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ కూడా పోయినది. నిషేధం ఉచితమా కాదా అన్నది వేరే చర్చ. కూలీలు, గృహిణులు, దర్జీలు, చిన్న ఊళ్ల పిల్లలు అందులో చేరి ఆడిపాడినదంతా ఒక్కసారిగా చేతికందకుండా పోయినది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడినది. ఊరూరా రైతులనడిగి సేకరించిన మాటలవి. గ్రంథాలయంలో అడిగితే నేటికీ ఆ పుస్తకం తీసి ఇస్తారు. టిక్‌టాక్‌లో అవే మాటలు గొంతుతో, ముఖంతో సహా వచ్చినవి. జూన్ నెలలో చేనిగట్టున పాడి పెట్టిన పాటను జూలైలో మళ్లీ వినగోరితే, పాడినవారి ఇంట్లోవారికే దారి లేకపోయినది.