మందు కొట్టే కూలీ ఆరోగ్యం ఎవరికి పట్టింది?

ఈ మధ్య పత్రికల ఆదివారం అనుబంధాల నిండా ఆరోగ్యం మాటలే. పొద్దున్నే నడవండి, కొర్రలు, అరికెలు తినండి, పురుగుమందులు తగలని కూరగాయలు కొనుక్కోండి అంటున్నారు. మంచి మాటలే, మేము కాదనం. కాని ఆ మందు వంకాయకు తగలకముందే ఒక మనిషికి తగిలింది. వాడు దాన్ని వీపున మోశాడు, చేత్తో కలిపాడు, ముక్కుతో పీల్చాడు. వాడు ఏం తినాలో, ఎట్లా బతకాలో చెప్పే అనుబంధం మాకైతే ఇంతవరకు కనపడలేదు.

పత్తి, మిరప పండే పల్లెల్లో ఈ పని చూసినవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? వీపున పదహారు లీటర్ల ట్యాంకు. చాలాచోట్ల కూలి రోజుకు కాదు, ట్యాంకుకు ఇంత అని. ఎన్ని ట్యాంకులు దించితే అన్ని డబ్బులు. ఇక గాలి ఎటు వీస్తుందో చూసుకునే తీరిక ఎక్కడుంటుంది? పైరు నడుము దాటి పెరిగాక, కొట్టిన మందులో నుంచే నడిచిపోవాలి. మూత సరిగా పట్టని ట్యాంకు వీపంతా తడిపేస్తుంది. నాజిల్ పూడుకుపోతే నోటితో ఊదినవాళ్లను మేము కళ్లారా చూశాం. మధ్యాహ్నం ఆ చేతులతోనే గట్టు మీద అన్నం. మర్నాడు అదే చేలోకి ఆడకూలీలు కలుపు తీయడానికి దిగుతారు. ఆకుల మీద మందు ఇంకా ఆరనే ఉండదు.

మా పక్క ఊళ్లో ఒక కుర్రవాడు సాయంత్రం పని నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, నోట చొంగ, చూపు మసక. ఎండదెబ్బ అనుకొని వాళ్లమ్మ మజ్జిగ పట్టింది. చొక్కా కూడా విప్పలేదు. రాత్రికి ఆసుపత్రికి మోసుకెళ్తే డాక్టరు అడిగిన మొదటి మాట, 'ఏం మందు కొట్టాడు?' అని. ఎవరికి తెలుసు? డబ్బా చేలో పడుంది. మేము మోటారు సైకిలు మీద పోయి చీకట్లో వెతికి తెచ్చేసరికి గంటన్నర దాటింది. కుర్రవాడు బతికాడు. నెలరోజులు పనికి పోలేదు. చేను గలాయన ఖర్చులో సగం ఇచ్చాడు. అది ఆయన మంచితనం, కాదనలేం. మరి ఆ మంచితనం లేనిచోట ఏమిటి గతి?

మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు తాగితేనే చంపుతాయనుకోవద్దు. చర్మంలో నుంచీ లోపలికి పోతాయి. నరాల పనిని అదుపులో పెట్టే ఒక ఎంజైమును పట్టి ఆపేస్తాయి. అందుకే ఆ చెమట, ఆ చొంగ, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం. తడిసిన బట్టలు వెంటనే విప్పి సబ్బుతో ఒళ్లు కడగాలి, డబ్బా వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ మందులకు అట్రోపిన్ ఇంజెక్షను విరుగుడుగా పని చేస్తుంది. పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడే లేదు. డబ్బా మీద త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. 'ఆకుపచ్చ అంటే మంచిదే గదన్నా' అని ఒక మీటింగులో ఒక అక్క అడిగింది. కాదక్కా, అదీ విషమే, కాస్త తక్కువ విషం.

చట్టం లేక ఇట్లా జరుగుతోందా అంటే, అదీ కాదు. 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది, 1971లో నియమాలు వచ్చాయి. పిచికారీ చేసే మనిషికి రక్షణ దుస్తులివ్వాలని, పనిలోకి తీసుకునే ముందూ ఆ తర్వాతా వైద్య పరీక్ష చేయించాలని అందులో రాసి ఉంది. అర్ధ శతాబ్దం గడిచింది. మేము తిరిగిన ఊళ్లలో ఆ పరీక్ష చేయించుకున్న కూలీ ఒక్కడూ తగల్లేదు. ఇక ఆ తొడుగులు, ముసుగులు మన ఎండకు కుట్టినవి కావు. భాద్రపదపు ఉక్కలో వేసుకుంటే మందు కంటే ముందు అవే పడగొడతాయి. చల్లని పొద్దున రెండు గంటలు కొట్టించి, రోజు కూలి ఇస్తే ఎవడు వేసుకోడు?

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దేశమంతా అయ్యో అంది. 2020 మే నెలలో కేంద్రం 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా తెచ్చింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2023లో తేలిందేమిటంటే, నిషేధంలోకి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే పథకం ఒప్పుకుంది. ఖరీదులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా, సబ్సిడీ. ఇక మనిషి మందులో తడవక్కర్లేదు అంటున్నారు. ఈ మాట మేము తేలిగ్గా తోసెయ్యం. యంత్రం మీద మాకు పగ లేదు. వీపు మీది ట్యాంకు దిగుతుందంటే సంతోషమే. అయితే ట్యాంకుతో పాటు కూలీ దిగిపోతుంది. కలుపు విషయంలో ఇది చూశాం కదా. గడ్డిమందు వచ్చింది, ఆడవాళ్ల కలుపు పనిదినాలు కరిగిపోయాయి. ఆ మందుల్లో గ్లైఫోసేట్ ఒకటి. దాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం బహుశా క్యాన్సరు కలిగించేదని చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకం మీద ఆంక్ష పెట్టింది. పోయిన పనిదినాలను మాత్రం ఎవరూ తిరిగి తెచ్చివ్వలేదు.

పైనుంచి మందు చల్లడం కూడా కొత్త కాదు. కేరళలోని కాసరగోడులో ప్రభుత్వరంగ జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. కింద ఊళ్లున్నాయి, బావులున్నాయి. వైకల్యంతో పుట్టిన పిల్లల్ని అక్కడి తల్లులు ఈనాటికీ ఎత్తుకొని తిరుగుతున్నారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపింది. డ్రోను చిన్నదే, కిందికే ఎగురుతుంది. కాని గాలికి చిన్నా పెద్దా తెలియదు. పక్క చేలో నాట్లేసేవాళ్ల సంగతి ముందే ఆలోచించాలి.

అసలు అంత మందు ఎందుకు కొట్టాలి? కౌలురైతును అడగండి. అప్పిచ్చేది మందుల కొట్టు, సలహా ఇచ్చేదీ ఆ కొట్టే. వాడు చెప్పినన్నిసార్లు కొట్టకపోతే వచ్చే ఏడు అప్పు పుట్టదు. కూలీ ఒళ్లూ, కౌలురైతు ఇల్లూ ఒకే మంటలో కాలుతున్నాయి. ఈ సంగతి మరచి రైతు మీదికే కూలీని ఎగదోస్తే కంపెనీవాడు హాయిగా నిద్రపోతాడు.

పాల్వంచ దగ్గరి పునుకుల ఊరు పురుగుమందులు మానేసి ఇరవై ఏళ్లు దాటింది. వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు వాడారు. ఆడవాళ్ల సంఘాలు ముందు నిలబడ్డాయి. వేపగింజ ఏరాలి, దంచాలి, వడగట్టాలి. అదంతా మనుషుల పని, ఊళ్లో పని. కంపెనీ సీసాకు పోయే డబ్బు కూలికి వస్తుంది. మన సంఘాల్లో కొందరు ఈ సేద్యాన్ని పట్నంవాళ్ల సరదా అని తీసిపారేస్తున్నారు. మాకు మాత్రం ఇది పనిదినాల కోరికగా కనిపిస్తోంది.

ఇంకొక సంగతి చాలామంది కార్యకర్తలకే తెలియదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం జాబితాలో 1995 సవరణతో పొలాల్లో పురుగుమందు చల్లేవాళ్లనూ చేర్చారు. ఆ చట్టాన్ని తర్వాత 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. ప్రమాదం జరిగిన రోజే ఆసుపత్రి చీటీ, మందు డబ్బా, చేను గలాయన పేరు రాసి దాచుకోవాలి. మా కుర్రవాడి కేసులో మేము అది చెయ్యలేదు. చీటీ పోయింది, డబ్బా ఎవరో కిరసనాయిలు పోసుకోడానికి పట్టుకెళ్లారు.

ఈసారి కూలి రేట్ల చర్చకు కూర్చున్నప్పుడు మేము రేటుతో పాటు నాలుగు మాటలు అడిగాం. మందు కొట్టడానికి ట్యాంకు లెక్క వద్దు, పూట లెక్క కావాలి. చేలో సబ్బు, బిందె నీళ్లు ఉండాలి. మందు పేరు ముందే చెప్పాలి. కొట్టిన చేలోకి ఆరేదాకా ఆడకూలీలను దించొద్దు. సబ్బు, నీళ్లు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మందు పేరు చెప్పడానికీ సరేనన్నారు. పూట లెక్క దగ్గర లేచి వెళ్లిపోయారు. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం.