సాఫ్ట్‌వేర్ ఉచితమే.. తెలుగు అయ్యవార్లకు శిక్షణ ఏదీ?

ప్రభుత్వ బడికి కంప్యూటర్ రావడం ఇప్పుడు వార్త కాదు. 2004లో కేంద్రం ‘ఐసీటీ ఎట్ స్కూల్స్’ పథకం మొదలుపెట్టినప్పటి నుంచి ఏదో ఒక పద్దు కింద యంత్రాలు దిగుతూనే ఉన్నాయి. వాటి మీద గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి హెడ్మాస్టరు బీరువాలో దాచే అలవాటు కూడా కొంత తగ్గింది. అయినా సరిహద్దు తెలుగు బడుల్లో చాలాచోట్ల ఒక విచిత్రం కనిపిస్తుంది. కంప్యూటర్ ఉంటుంది. అందులో పైసా ఖర్చు లేని లిబ్రె ఆఫీస్ ఉంటుంది. అయ్యవారు శిక్షణకు వెళ్లొచ్చినట్టు సర్టిఫికెట్టూ ఉంటుంది. యూనిట్ టెస్టు ప్రశ్నపత్రం మాత్రం చేత్తో రాసి జిరాక్సు తీయిస్తారు. లేదంటే దాన్ని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు.

శిక్షణ ఎలా జరుగుతుందో చూస్తే కారణం అర్థమవుతుంది. బళ్లారిలో, కోలారులో శిక్షణంటే కన్నడంలో, హోసూరులో తమిళంలో, రాయగడలో ఒడియాలో. అందులో తప్పేమీ లేదు. అది ఆ రాష్ట్ర భాష, మన అయ్యవార్లకు అది బాగానే వచ్చు. చిక్కంతా టైపింగు దగ్గరే. కర్ణాటకలోనైతే ‘నుడి’తో కన్నడం కొట్టడం చూపిస్తారు. ‘తెలుగు సంగతేంటి సార్?’ అని వెనక వరసలోంచి ఎవరైనా అడిగితే ‘అదీ ఇంతే’ అని చెప్పి నేర్పేవారు ముందుకెళ్లిపోతారు. శిక్షణ ముగిసేసరికి మన అయ్యవారు కన్నడంలో సర్క్యులర్ కొట్టగలరు, తెలుగులో పాఠం కొట్టలేరు.

నిజానికి ‘అదీ ఇంతే’ అన్న మాట అబద్ధమేమీ కాదు. చేసి చూపించకపోవడమే లోటు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అన్ని భారతీయ భాషలకూ ఒకే పద్ధతిలో ఉంటుంది. కన్నడంలో ‘క’ ఏ మీట మీద ఉందో తెలుగు ‘క’ కూడా అదే మీట మీద ఉంటుంది. గుణింతాలూ అంతే. ఆ కీబోర్డు మీద కన్నడం నేర్చుకున్న వేళ్లకు తెలుగు కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. ఇక మిగిలేవి చిన్న పనులు. లిబ్రె ఆఫీస్ సెట్టింగుల్లో ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ అన్న గడిలో టిక్కు పెట్టి, భాష తెలుగు అని ఎంచుకోవాలి. మండలి, మల్లన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటిని వేసుకోవాలి. ఇదంతా ఒక పూట పని. ఆ ఒక్క పూట ఎవరూ కేటాయించకపోవడం వల్లే ఇన్నేళ్లు గడిచిపోయాయి. 2005లోనే కేంద్ర ప్రభుత్వం తెలుగు ఫాంట్లు, ఓపెన్ ఆఫీస్ కలిపి ఒక సీడీ తయారుచేసి ఉచితంగా ఇచ్చిందన్న సంగతి ఎంతమందికి తెలుసు?

ఇది టైపింగు ముచ్చటే కదా, దీనికింత రాద్ధాంతమెందుకని అడిగేవారుంటారు. సరిహద్దు బడి కష్టం తెలియక అడిగే ప్రశ్న అది. కర్ణాటక ప్రభుత్వం తన పాఠ్యపుస్తకాలను తెలుగులోనూ అచ్చేస్తుంది. తమిళనాడూ తన సిలబస్‌నే తెలుగు మీడియం పిల్లలకిస్తుంది. అంటే పాఠం ఆ రాష్ట్రానిది, భాష మనది. బళ్లారి బజార్లో కన్నడం గైడు దొరుకుతుంది, ఇంగ్లిష్ గైడు దొరుకుతుంది. కర్ణాటక సిలబస్‌కు తెలుగు గైడు కావాలంటే షాపువాడు నవ్వుతాడు. పోనీ గుంతకల్లుకో ఆదోనికో పోయి తెచ్చుకుందామంటే అక్కడ పాఠాలే వేరు. ఆ కొద్దిమంది పిల్లల కోసం ఏ ప్రచురణకర్తా పుస్తకం వేయడు, వేస్తే గిట్టదు. మాదిరి ప్రశ్నపత్రమైనా, వర్క్‌షీటైనా, వెనకబడిన పిల్లలకు తేలిక నోట్సయినా ఆ బడి అయ్యవారే తయారుచేయాలి. వాళ్లకు అచ్చుకూటం, ప్రచురణ సంస్థ అన్నీ ఆయనే. ఆయనకు తెలుగులో కొట్టడం రాకపోతే నష్టపోయేది పదో తరగతి పిల్లలు.

ఇంకో తిప్పలుంది. కష్టపడి డీటీపీ సెంటర్లో కొట్టించుకున్నవి చాలావరకు పాతకాలపు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫైలు ఇంకో బడికి పంపితే అక్కడ తెరమీద పిచ్చి గీతలు కనిపిస్తాయి. కాగితం మీద తెలుగే, కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగు కాదు. యూనికోడ్‌లో కొట్టిన పాఠం అలా కాదు. హోసూరులో కొట్టింది రాయచూరులో తెరుచుకుంటుంది, అందులో రెండు ప్రశ్నలు మార్చుకుని వాడుకోవచ్చు. పదిమంది అయ్యవార్లు తలా ఒక పాఠానికి ప్రశ్నలు కొడితే పదిమందికీ పది పాఠాలు చేతికొస్తాయి.

లెక్కల సార్లకు ఇందులో ఇంకా మేలుంది. భిన్నాలు, వర్గమూలాలు కొట్టడం రాక ఖాళీ వదిలి తర్వాత పెన్నుతో నింపడం అందరూ ఎరిగిందే. లిబ్రె ఆఫీస్‌లో ‘మ్యాథ్’ అనే భాగం ఉంది. అందులో ‘ఏ ఓవర్ బీ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే పైనా కిందా గీతతో భిన్నం తయారవుతుంది. ‘క్యాల్క్’ను మార్కుల కూడికకు వాడటం చాలామందికి తెలుసు. అదే క్యాల్క్‌లో మొత్తం మార్కులతో ఆగకుండా ప్రశ్నల వారీగా మార్కులు ఎక్కించి కింద సగటు తీస్తే, తరగతి మొత్తం ఏ ప్రశ్న దగ్గర బోల్తాపడిందో ఇట్టే తెలుస్తుంది. ఏ పాఠం మళ్లీ చెప్పాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. శిక్షణలో నేర్పాల్సినవి ఇవి. అక్షరాలు ఎగిరొచ్చే స్లైడ్లు చేయడం నేర్పడానికే సగం రోజు పోతుంటే అయ్యవార్లకు విసుగు రాదా?

ఎలా చేయాలో చూపించిన రాష్ట్రం మన పొరుగునే ఉంది. కేరళ ఐటీ ఎట్ స్కూల్ పథకంలో శిక్షణ ఇచ్చింది కంపెనీల మనుషులు కాదు, బడి పంతుళ్లే. వారిలోంచే మాస్టర్ ట్రైనర్లను తీశారు. ప్రతి బడిలో ఈ పని చూసే ఉపాధ్యాయుణ్ని పెట్టారు. తర్వాత మొత్తం బడులను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చారు. 2019లో రెండు లక్షల కంప్యూటర్లకు కొత్త లినక్స్ వ్యవస్థ ఇస్తూ, లైసెన్సుల ఖర్చు 3000 కోట్ల రూపాయలు మిగులుతుందని అక్కడి అధికారులు లెక్కగట్టారు. డబ్బు సంగతి అటుంచితే మనం గమనించాల్సింది మరొకటి. కాసరగోడులో కన్నడ పిల్లలున్నారు, ఇడుక్కి, పాలక్కాడుల్లో తమిళ పిల్లలున్నారు. కేరళ వాళ్లకు ఐసీటీ పాఠ్యపుస్తకం కన్నడంలో, తమిళంలో కూడా ఇస్తోంది. తమ భాష పిల్లలకు పొరుగు రాష్ట్రం చేసిన మేలును బెంగళూరు, చెన్నైల అధికారులు తమ దగ్గరి తెలుగు పిల్లలకూ చేయడానికి అడ్డేముంది?

కర్ణాటకకు అనుభవం లేదనీ కాదు. 2011 నుంచి హైస్కూలు ఉపాధ్యాయుల బృందాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, తాము తయారుచేసిన పాఠ్య సామగ్రిని ‘కోయర్’ పేరుతో అందరికీ తెరిచి ఉంచాయి. ఆ సామగ్రిని ఎవరైనా తీసుకుని తమ భాషలోకి మార్చుకోవచ్చు, అనుమతి అడగనక్కర్లేదు. అంటే మన అయ్యవార్లు శూన్యంలోంచి మొదలుపెట్టాల్సిన పనిలేదు. కన్నడం చదవగలిగి, తెలుగులో కొట్టగలిగిన మనిషి ఒకరుంటే సగం పని అయినట్టే. అలాంటి మనుషులు మన సరిహద్దులో తప్ప ఇంకెక్కడా అంతమంది దొరకరు.

దీంతో తెలుగు మీడియం నిలబడిపోతుందని మనం అనుకోనక్కర్లేదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తర్వాత హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఎంత నలిగాయో, కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరగాల్సి వచ్చిందో తెలిసిందే. పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో వేస్తున్న తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ ఈరోజు తెలుగు తరగతిలో కూర్చున్న పిల్ల, పక్క సెక్షన్లో కన్నడం పిల్లకు దొరికే మాదిరి పేపరు తనకెందుకు లేదని అడిగితే ఏం చెప్తాం? మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగం 350ఏ అధికరణ చెప్పిన ‘తగిన సౌకర్యాలు’ అంటే గది, బెంచీ మాత్రమేనా?

అయ్యవార్ల వైపు మాటా వినాలి. జనగణన, ఓటర్ల జాబితా, మధ్యాహ్న భోజనం లెక్కలు, వీటన్నిటి నడుమ ఇదొకటా అని వాళ్లు విసుక్కుంటే తప్పు లేదు. అందుకే సెలవుల్లో పిలిచి పది రోజులు కూర్చోబెట్టే శిక్షణ వద్దు. ప్రతి శిక్షణ బ్యాచిలో ఒక పూట తెలుగుకు కేటాయిస్తే చాలు. ఆ పూట నేర్పేది తెలుగు మీడియం అయ్యవారే కావాలి, ఆ రోజుకు ఆయనకు ఆన్ డ్యూటీ ఇవ్వాలి. లిబ్రె ఆఫీస్, తెలుగు ఫాంట్లు, అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనం కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో చేతికివ్వాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంట్లో కంప్యూటర్‌లోనూ వేసుకోవచ్చు, దొంగ కాపీ అన్న భయం లేదు. శిక్షణలో కొట్టేది కూడా ఉత్తుత్తి పేరా కాకుండా, వచ్చే వారం తరగతిలో పెట్టబోయే పరీక్ష పేపరే అయి ఉండాలి.

ఈ పని ఎవరు మొదలుపెట్టాలి? ఆయా జిల్లాల డైట్‌లదే మొదటి బాధ్యత. మూడు రాష్ట్రాలు కలిసేచోట, 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో ఉంది. హోసూరుకూ కోలారుకూ అది దగ్గరే. సరిహద్దు తెలుగు అయ్యవార్లకు అక్కడ రెండు రోజుల వర్క్‌షాపు పెట్టమని ఉపాధ్యాయ సంఘాలు ఒక ఉత్తరం రాయొచ్చు. తెలుగు సంఘాలు ఉగాది పందిరికి పెట్టే ఖర్చులో కొంత మిగిలిస్తే పెన్‌డ్రైవులు, బస్సు చార్జీలు వెళ్లిపోతాయి. వేసవి సెలవులయ్యి బడులు తెరిచేలోగా ఆ ఉత్తరం వెళితే, మొదటి యూనిట్ టెస్టు నాటికి పేపరు చేతికొస్తుంది.