ఇంటి ముచ్చట్లు: పొగలో నిమ్మళం

పోయిన నెల తిరుమణిలో మా అక్కగారింటికి పోయినాను. ఒకప్పుడు ఆ వాకిట్లో చెనిక్కాయల కుప్పలు చూసిన కండ్లకు యిప్పుడు ఊరి చుట్టూ నల్లటి పలకలే. 2018 లో ప్రారంభమైన సౌర విద్యుత్ క్షేత్రం అయిదు గ్రామాల్లో సుమారు 13,000 యెకరాలు పరుచుకున్నది. భూమి యిచ్చినవారికి యేటా కౌలు వస్తున్నది. మంచిదే. కాని సేద్యం లేని యింట్లో యిరవైమూడేండ్ల పిల్లవాడికి పొద్దు యెట్లా గడవాలో కౌలు పత్రంలో రాయలేదు గదా!

మా మేనల్లుడు పెరటిగోడ చాటున సిగరెట్టు కాలుస్తూ కనపడినాడు. దాచబోయినాడు.

“ఉండనీలే అబ్బీ, రోజుకెన్ని?” అన్నాను.

“పది, మామా. కాల్చకుంటే గుండె దడ, రాత్రిపూట నిద్దర రాదు. కాలిస్తే నిమ్మళంగా ఉంటాది.”

బెంగళూరులో పనికున్నప్పుడు స్నేహితులు వేపు అనే బ్యాటరీ గొట్టం అలవాటు చేసినారట. కర్ణాటకంలో 2016 లోనూ, దేశమంతటా 2019 లోనూ నిషేధించిన వస్తువు అది. అయినా దొరికింది.

వాడు చెప్పింది అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. పీల్చిన నికోటిన్ పదీ యిరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో సగానికి దిగుతుంది. అప్పుడు చిరాకు, దడ. మళ్ళీ పీలిస్తే తగ్గుతుంది. కొంప అంటించినవాడే నీళ్ళబిందెతో వచ్చి మెప్పు పొందినట్లు! దిగులున్నవాడు పొగకు పోవడమూ నిజమే, పొగ దిగులును పెంచడమూ నిజమే. మానినవారికి కొన్నాళ్ళకు ఆందోళన, దిగులు తగ్గినట్లు 2014 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన పరిశీలన తేల్చింది. మొదటి రెండు మూడు వారాలు మాత్రం కష్టమే. నలభైయేండ్లదాకా కాల్చినవాణ్ణి గనుక చెబుతున్నాను. ఆ కష్టం దాచిపెట్టి పిల్లలకు నీతులు చెబితే రెండోరోజే మన మాట పోతుంది.

ఇంతలో మా బావగారు అరుగుమీదినుంచి “వీడు చెడిపోయినాడు!” అని కేకేసినారు. నోట్లో బీడీ తీయకుండానే.

మానదలచినవారికి 1800-11-2356, మనసు బాగాలేనివారికి 14416. రెండూ ప్రభుత్వంవారివి, ఉచితం. రెండో నంబరులో తెలుగులోనూ మాట్లాడతారు. “పిచ్చోడనుకుంటారేమో మామా” అన్నాడు అల్లుడు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి యెవరైనా అట్లా అంటారా అని అడిగినాను. చాలాసేపు మాట్లాడలేదు. దీపాలు పెట్టే వేళకు ఫోను తీసి, “నువ్వు యీడే కూచో” అన్నాడు. కూచున్నాను.

బావగారు బీడీ ఆర్పి లోపలికి పోయినారు. పారేసినారో, తలగడ కింద పెట్టుకున్నారో నేను చూడలేదు.