పడదన్న మాట

ఈ మాసమున వడియములను గూర్చి వ్రాయుదునని మీకు మాట యిచ్చియుంటిని. దానిని వచ్చు మాసమునకు ఉంచి, నేడు వేరొక సంగతి చెప్పవలసివచ్చినందుకు మన్నింపుడు.

మొన్న మా వీథిలో ఒక పిల్లవాని పుట్టినరోజు వేడుకకు పోయితిని. అచట ఒక తల్లి తన పాపను చంకనెత్తుకొని, "మా పాపకు కోడిగుడ్డు పడదండీ, కేకు పెట్టకండి" అని ఎంతో సంకోచముతో చెప్పినది. చుట్టునున్నవారు నవ్విరి. "ఈ కాలపు పిల్లలకు అన్నీ పడవమ్మా! ఒక్క ముక్కకు ఏమవుతుంది?" అని ఒక పెద్దావిడ ముక్క తుంచి చేత బట్టుకొన్నది. ఆ మాట చెవిని బడగానే నా చేతులు చల్లబడినవి. పదేండ్ల క్రిందట సరిగా ఆ మాటనే నేను నా మనసులో అనుకొంటిని. దాని ఫలితమును నా కన్నులతో చూచితిని. ఇంతకాలము ఎవరికిని పూర్తిగా చెప్పని ఆ సంగతిని నేడు మీకు చెప్పెదను.

మా మేనత్తగారి ఊరు మడకశిర చెంతనున్న ఒక పల్లె. ఆ సీమ అప్పుడు అనంతపురము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మూడు వైపుల కన్నడ దేశము, నడుమ కొండమీద పాతకోట, చుట్టును వాననే నమ్ముకొన్న ఎర్రనేల. ఆ నేలలో కరవునకు ఓర్చి రైతును బ్రతికించిన పంట వేరుసెనగ. అచటివారు సెనక్కాయ అందురు. సంగటిలోనికి ఊరిబిండి సెనక్కాయలతోనే. కూరలో చల్లు పొడి సెనక్కాయలదే. పోపు నూనె సెనక్కాయలదే. బడికి పోవు పిల్లల జేబులో ఉండునవి వేయించిన సెనక్కాయలే. అట్టి యింట "నాకు సెనక్కాయ పడదు" అనుట, అన్నమే పడదనుట వలె వినబడును.

మా అత్త చిన్నకోడలు అట్లు చెప్పిన పిల్ల. పెండ్లియై ఆరు మాసములైనను కాలేదు. చిన్ననాట ఒకమారు సెనక్కాయ ఉండ తిని పెదవులు వాచి, ఒళ్లంతయు దద్దురులెక్కి, వాంతులైనవట. నాటి నుండి ఆమె తల్లి దానిని ఇంటికి రానీయలేదు. పెండ్లిచూపుల నాడే ఆ సంగతి చెప్పిరి. మావారు తల యూపిరి. తరువాత అది ఇంట ఒక వేళాకోళమైనది. "కొంచెము కొంచెము తింటుంటే అదే అలవాటవుతుంది" అని పెద్దలనెడివారు. ఆ పిల్ల మాత్రము ప్రతి పూటయు అడిగి తినెడిది. అడుగుట చూచినవారికి అది నాజూకుతనముగా తోచెడిది.

ఆ యింట పసిబిడ్డను తొట్టిలలో వేయు వేడుకకు నేను పోయితిని. ఓళిగలు చేయుచుంటిమి. పప్పు ఎక్కువ ఉడికి పూర్ణము పలుచనైనది. దానిని గట్టిపరచుటకు అత్త చెప్పగా నేనే రెండు గుప్పెళ్ల వేయించిన సెనక్కాయలు దంచి కలిపితిని. విస్తళ్లు వేసినప్పుడు ఆ పిల్ల నా ప్రక్కనే కూర్చున్నది. "అత్తా, దీంట్లో సెనక్కాయ లేదు గదా?" అని యడిగినది. అత్త ఒక్క క్షణము నా వైపు చూచి, "పప్పు ఓళిగే తల్లీ, తిను" అన్నది. అత్త చెడ్డది కాదు. బంధువుల నడుమ కోడలు విస్తరిలో భక్ష్యము విడుచుట బాగుండదని ఆమె తలంపు. నేనును నోరు విప్పనైతిని. పెద్దావిడ మాటకు నలుగురిలో అడ్డు చెప్పుట మర్యాద కాదనుకొంటిని. పెద్ద గిన్నెడు పూర్ణములో రెండు గుప్పెళ్లు. అందులో ఈమెకు వచ్చునది ఎంత? ఇంతకే ఏమగునని అనుకొంటిని.

సగము ఓళిగ తినకమునుపే ఆమె ఆగినది. "అక్కా, నోరు దురదగా ఉంది" అన్నది. మెడమీద ఎర్రని దద్దురులు లేచినవి. దగ్గు పట్టినది. గొంతు బొంగురువోయినది. కడుపు పట్టుకొని వాంతి చేసికొన్నది. "ఏదో అవుతోందక్కా, నాకు భయంగా ఉంది" అన్నది. అటుపిమ్మట ఆమె స్పష్టముగా పలికిన మాట లేదు.

మేము చేసిన పనులు వినుడు. ఒకరు నీళ్లు పట్టిరి. ఒకరు నిమ్మకాయ నాకించిరి. ఒకరు దిష్టి తీయ నుప్పు తెచ్చిరి. ఒకరు జలుబునకు ఉంచుకొన్న ఎవిల్ మాత్ర నోట వేసిరి. నేను, గాలి తగులునని, చంకలక్రింద చేతులు వేసి ఆమెను లేవనెత్తి వాకిటికి నడిపించితిని. నాలుగడుగులు వేసినదో లేదో, ముఖము తెల్లబడి నా చేతులలోనే ఒరిగిపోయినది. ఆటో వచ్చి పట్టణము చేరునప్పటికి ఊపిరి లేదు. ఆసుపత్రిలో వైద్యుడు చాలసేపు పాటుపడెను, ఫలితము లేకపోయినది. మొదటి ముద్ద నుండి అప్పటికి గంట కూడ కాలేదు.

సాయంకాలము ఆమె తల్లి వచ్చినది. ఆమె ఏడ్చినదానికన్న అడిగినదే నాకు నేటికిని వినబడుచున్నది: "నేను ముందే చెప్పితిని గదమ్మా!" మాలో ఎవ్వరి నోటను జవాబు లేదు. మా అత్త ఆ తరువాత జీవించినన్నాళ్లు ఓళిగ చేయలేదు.

సోదరీమణులారా, నాటి నుండి ఈ విషయమును గూర్చి తెలిసినవారిని అడిగి, చదివి, నేర్చుకొన్నది మీ ముందుంచుచున్నాను.

పడకపోవుట అనునదంతయు ఒకటి కాదు. పాలు త్రాగిన కడుపుబ్బుట వంటిది జీర్ణమునకు సంబంధించినది. బాధించునే గాని ప్రాణము తీయదు. ఎలర్జీ వేరు. మన శరీరమునందు రోగములతో పోరాడు కావలి కలదు. కొందరియందు ఆ కావలి ఒక మంచి ఆహారమును శత్రువుగా పొరబడును. మరల అది లోనికి రాగానే కొన్ని కణములు హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను ఒక్కపెట్టున విడుచును. రక్తనాళములు వదులై రక్తములోని నీరు బయటికి కారును, గొంతు వాచును, ఊపిరిగొట్టములు బిగియును, రక్తపుపోటు పడిపోవును. దీనినే వైద్యులు ఎనఫిలాక్సిస్ అందురు.

ఈ పేరు పుట్టిన కథ మన పెద్దల "అలవాటవుతుంది" అను మాటకు మంచి జవాబు. 1902లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనువారు సముద్రజీవి యొకదాని విషమును కుక్కలకు ఎక్కించి, దానికి అవి అలవాటుపడునేమో యని చూచిరి. మొదటి మోతాదును తట్టుకొని కోలుకొన్న కుక్కకు కొన్ని వారముల పిమ్మట కొద్దిపాటి విషమునే మరల ఇచ్చిరి. అది అరగంటలోపలనే చచ్చినది. అలవాటగుటకు మారుగా శరీరము తనపైననే తిరుగబడినది. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది. కావున ఒకమారు పడనిదానిని "కొంచెమే గదా" అని పెట్టుట ఔషధము కాదు, అపాయము.

పెద్దల మాటయందు కొంత నిజమున్నదను సంగతియు దాచను. లండనులో జరిగి 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎలర్జీ వచ్చు అవకాశము గల పసివారికి తొలి యేటినుండియే వేరుసెనగ తినిపించగా, వారిలో ఆ ఎలర్జీ చాలవరకు తగ్గినది. కాని అది ఎలర్జీ ఇంకను పుట్టని పసివారి మాట. వైద్యులు ముందుగా పరీక్షించి చేసిన పని. పసివారికి పెట్టునప్పుడును మెత్తగా నూరి పెట్టవలెనే గాని పలుకులు పెట్టరాదు, గొంతున అడ్డుపడును. ఎలర్జీ వచ్చినవారి విస్తరిలో రహస్యముగా కలుపుటకు ఆ పరిశోధన సాక్ష్యము కాజాలదు.

ఇది మన పల్లెలలోనే జరుగు తప్పనుకొనకుడు. 2016లో నటాషా అను పదునైదేండ్ల ఆంగ్లబాలిక విమానాశ్రయమున కొన్న రొట్టె తిని మరణించెను. ఆ పిండిలో నువ్వులు కలిసియున్నవి. పైకాగితముమీద ఆ మాట లేదు. ఆ తల్లిదండ్రుల పట్టుదలవలన ఆమె పేరనే చట్టమేర్పడి, 2021 అక్టోబరు నుండి, అంగడిలోనే తయారుచేసి కట్టి అమ్ము పొట్లముల పైనను అందలి పదార్థములన్నియు వ్రాయుట అచట తప్పనిసరియైనది. మన దేశమునను 2020 నాటి నియమముల ప్రకారము, కట్టి అమ్ము ఆహారముల పైన వేరుసెనగ, పాలు, గుడ్డు, చేప, సోయా, గోధుమ వంటివి ఉన్నచో ఆ మాట ముద్రింపవలెను. అయితే మన వంటింటి గిన్నెకు పైకాగితము లేదు. వడ్డించు ఇల్లాలి నోటిమాటయే దానికి చీటి. ఆ చీటిమీద నేను అబద్ధము వ్రాసితిని.

ఇక అట్టి ఆపద వచ్చిన చేయదగినదేమి? తిన్న కొద్దిసేపటిలో దద్దురులతోపాటు గొంతు బొంగురుపోవుట, ఆయాసము, ఎడతెగని దగ్గు, వాంతులు, కన్నులు తిరుగుట కనబడినచో ఆలోచనకు వ్యవధి లేదని తెలియుడు. దద్దురులు లేకయు ఇది రావచ్చును. దీనికి ప్రాణదానము చేయు మందు ఒక్కటే: అడ్రినలిన్. దానిని తొడ వెలుపలి కండలోనికి సూదితో ఎక్కింతురు. మిల్లీలీటరునకు ఒక మిల్లీగ్రాము గల మందులో పెద్దవారికి అర మిల్లీలీటరు. పిల్లలకు వయసును బట్టి తక్కువ. అయిదు నిమిషములలో గుణమియ్యకున్న మరల వేయుదురు. ఇది కొత్త మందును కాదు, విలువైన మందును కాదు. పిల్లలకు టీకాలు వేయుచోటనెల్ల ఉంచవలసిన మందు. కావున దగ్గరనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకైనను వెంటనే కబురంపుడు, 108కి ఫోను చేయుడు. "తిన్నది పడక ఊపిరాడుట లేదు, అడ్రినలిన్ కావలెను" అని స్పష్టముగా చెప్పుడు. ఎవిల్ వంటి మాత్రలు దురదను తగ్గించును గాని ప్రాణము నిలుపజాలవు. వానిని నమ్మి కాలము పోగొట్టుకొనరాదు.

ఆ లోపల రోగిని వెల్లకిల పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచుడు. ఆయాసమధికమైనచో కాళ్లు చాపి ఆనుకొని కూర్చుండనీయుడు. వాంతియగుచున్న ప్రక్కకు తిప్పుడు. నోట ఏమియు పోయకుడు. లేపకుడు, నడిపింపకుడు. ఇంగ్లండులో ఇట్టి మరణములను పరిశీలించిన పంఫ్రీ అను వైద్యుడు, ఆహారమువలన గుండె ఆగినవారిలో సగటున అరగంటకే ఆగినదని 2000లో వ్రాసెను. లేచి కూర్చున్నంతనే, నిలిచినంతనే కూలినవారు కలరని 2003లో వ్రాసెను. రక్తపుపోటు పడిపోయినవేళ నిలిపినచో గుండెకు రక్తము చేరదు. ఆ వ్యాసపు సంగతి తెలిసిననాడు, వాకిటికి వేయించిన నాలుగడుగులు నాకు మరల కనబడినవి. ఇంకొక మాట: తేరుకొన్నట్లు కనబడినను కొన్ని గంటలకు ఆ బాధ మరల రావచ్చును గావున ఆసుపత్రిలో ఉంచుట మంచిది.

ఇట్టి మరణములు అరుదు. భయపడి పిల్లలకు అన్నియు మానిపింపవలదు. అయితే ఎవరైన "పడదు" అన్నప్పుడు మనము చేయవలసినది స్వల్పము. ఎందుకని వాదింపక నమ్మవలెను. అడిగినచో గిన్నెలోనున్నది ఉన్నట్లు చెప్పవలెను. తెలియనిచో తెలియదనవలెను. వారి వంట ముందుగా చేసి, గరిటె, రోలు, నూనె వేరుగా ఉంచవలెను. కోడలుగా వచ్చిన పిల్ల పదిమారులడిగినను విసుగుకొనరాదు. అడుగుటకు ఆమెకు ఎంత ధైర్యము కావలసివచ్చెనో మనకు తెలియదు. ఆ పిల్లకు ఆ బాధ కలదని ఆమె పుట్టినింటివారికి, మెట్టినింటివారికి, ప్రక్క యింటివారికి గూడ తెలిసియుండవలెను. ఒకమారు తీవ్రముగా వచ్చినవారు వైద్యునికి చూపించుకొని, ఆపదకు వలయు మందును గూర్చి ముందే యడిగి తెలిసికొనవలెను.

పుట్టినరోజు వేడుకలో నేను లేచి ఆ పెద్దావిడ చేతిలోని కేకు ముక్కను తీసికొంటిని. "ఆ తల్లి చెప్పినది వినుడమ్మా" అని మాత్రము అంటిని. ఆవిడకు కోపము వచ్చినది. నాతో మాటలాడక వెడలిపోయినది. పాప రెండు అరటిపండ్లు తిని ఆడుకొన్నది. పదేండ్ల క్రిందట నలుగురిలో చెప్పలేని మాటను ఇప్పుడు చెప్పగలిగితిని. అది ఎవరిని మరల తేగలదు? అయినను మీలో ఒక్కరైనను రేపు వడ్డించునప్పుడు ఆగి, ఉన్నది ఉన్నట్లు చెప్పినచో, ఈ నెల వడియములు ఆగినందుకు నాకు విచారము లేదు.