ఆల్గో ట్రేడింగ్ యాప్ తీసుకుంటున్నారా? లాభాల స్క్రీన్‌షాట్ కంటే ముందు ఈ లెక్క చూడండి!

ఉదయం 9.15కి స్టాక్ మార్కెట్ ఓపెన్ అవుతుంది. ఆ టైమ్‌కి ఉద్యోగులు ఆఫీసు దారిలో ట్రాఫిక్‌లో ఉంటారు. షాపు నడిపేవాళ్లు అప్పుడే షట్టర్ ఎత్తుతుంటారు. స్క్రీన్ ముందు కూర్చుని రోజంతా చార్టులు చూసే తీరిక ఎవరికి ఉంటుంది? సరిగ్గా ఈ పాయింట్ మీదే ఇప్పుడు పెద్ద వ్యాపారం నడుస్తోంది. 'మీ పని మీరు చూసుకోండి, ట్రేడింగ్ సంగతి మా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది' అంటూ యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ నిండా ప్రకటనలే. కింద లాభాల స్క్రీన్‌షాట్, ఆ పక్కనే సబ్‌స్క్రైబ్ బటన్.

దీన్నే ఆల్గో ట్రేడింగ్ అంటారు. ఒకప్పుడు పెద్ద సంస్థలకే పరిమితమైన ఈ పద్ధతి ఇప్పుడు సామాన్యుడి ఫోన్‌లోకి వచ్చేసింది. అందుకే సెబీ 2025 ఫిబ్రవరి 4న చిన్న ఇన్వెస్టర్ల కోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. గడువు రెండు మూడు సార్లు పొడిగించి, 2026 ఏప్రిల్ 1 నుంచి బ్రోకర్లందరికీ పూర్తిగా వర్తిస్తాయని చెప్పింది. మరి ఇన్ని ప్లాట్‌ఫాంలలో దేన్ని ఎంచుకోవాలి? అసలు ఎంచుకోవాల్సిన అవసరం అందరికీ ఉందా?

అసలు ఆల్గో ఏం చేస్తుంది?

చాలామంది అనుకున్నట్టు ఇది జోస్యం చెప్పే యంత్రం కాదు. 'ఈ షేరు ధర ఫలానా స్థాయి దాటితే కొను. కొన్న ధర నుంచి 1 శాతం పడితే అమ్మెయ్. మధ్యాహ్నం 3.15 అయితే అన్నీ క్లోజ్ చెయ్.' ఇలా ముందుగా రాసిపెట్టిన రూల్స్‌ను కంప్యూటర్ తు.చ. తప్పకుండా పాటిస్తుంది. అంతే.

ఇందులో ఓ మంచి ఉంది. మనిషికి భయం, ఆశ ఉంటాయి. నష్టంలో ఉన్న షేరును 'రేపు పెరుగుతుందిలే' అని పట్టుకుని కూర్చుంటాడు. కంప్యూటర్‌కి ఆ బాధ లేదు. కానీ రూల్ తప్పయితే? ఆ తప్పును కూడా అంతే క్రమశిక్షణతో, అంతే స్పీడ్‌గా మళ్లీ మళ్లీ చేస్తుంది.

మార్కెట్‌లో ఉన్నవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, కోడింగ్ రాకపోయినా మీ రూల్స్ మీరే పెట్టుకునే టూల్స్. జిరోధా ఖాతాతో వాడే స్ట్రీక్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోది, వేరేవాళ్లు తయారుచేసిన స్ట్రాటజీలను అద్దెకు తీసుకుని మీ బ్రోకర్ ఖాతాకు కలిపే మార్కెట్‌ప్లేస్‌లు. ట్రేడ్‌ట్రాన్ లాంటివి ఇలా పనిచేస్తాయి. మూడోది, కోడింగ్ వచ్చినవాళ్లు బ్రోకర్ ఇచ్చే ఏపీఐతో సొంతంగా ప్రోగ్రామ్ రాసుకోవడం.

ప్రకటనల్లో చెప్పని సంగతి

సెబీ 2024 సెప్టెంబర్‌లో ఓ అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలపైనే. 2024-25లోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. 91 శాతం మందికి నష్టాలే. ఆ ఒక్క ఏడాదిలో పోయింది సుమారు 1.05 లక్షల కోట్లు.

మరి ఆ డబ్బు ఎవరికి వెళ్లింది? అదే అధ్యయనం ప్రకారం 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు దాదాపు 33 వేల కోట్లు, విదేశీ ఇన్వెస్టర్లు దాదాపు 28 వేల కోట్లు స్థూల లాభం చూశారు. విదేశీ ఇన్వెస్టర్ల లాభాల్లో 97 శాతం, ఆ సంస్థల లాభాల్లో 96 శాతం ఆల్గో ట్రేడింగ్ ద్వారానే వచ్చింది.

'చూశారా, లాభపడేది ఆల్గో వాడేవాళ్లే, మీరూ వాడండి' అని సబ్‌స్క్రిప్షన్లు అమ్మేవాళ్లు చూపించేది ఈ చివరి అంకెనే. కానీ ఆ సంస్థల దగ్గర ఉన్నవి ఎక్స్ఛేంజ్ సర్వర్ల పక్కనే పెట్టుకున్న సొంత సర్వర్లు, వేల కోట్ల పెట్టుబడి, నిపుణుల టీమ్‌లు. నెలకు వెయ్యో రెండు వేలో కడితే వచ్చే యాప్‌ది, వాళ్లదీ పేరు ఒకటే, ఆట వేరు. ఇంకా చెప్పాలంటే, మీ యాప్ ఆర్డర్ పెట్టినప్పుడు అవతలి వైపు ఉండేది ఆ పెద్ద సర్వర్లే అయ్యే అవకాశం ఎక్కువ.

నెలకు ఎంత ఖర్చు? లెక్క వేద్దాం

ఉదాహరణకు ఒకరు 2 లక్షల రూపాయలతో ఆల్గో మొదలుపెట్టారనుకుందాం. ప్లాట్‌ఫాం ఫీజు నెలకు 1,500 రూపాయలు. ఆ స్ట్రాటజీ రోజుకు నాలుగు ట్రేడ్లు చేస్తుంది. కొనడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి చొప్పున మొత్తం 8 ఆర్డర్లు. ఆర్డర్‌కు 20 రూపాయల బ్రోకరేజీ అనుకుంటే రోజుకు 160. నెలలో 20 ట్రేడింగ్ రోజులకు 3,200. ఫీజుతో కలిపితే నెలకు 4,700 రూపాయలు.

అంటే పెట్టుబడిలో నెలకు 2.35 శాతం. ఏడాదికి 56,400 రూపాయలు, అంటే 28 శాతం పైమాటే. జీఎస్టీ, ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు ఇంకా కలపనే లేదు. ఒక్క రూపాయి లాభం కళ్లజూడాలంటే ముందు ఆ 28 శాతం సంపాదించాలి. అదే పెట్టుబడి లక్ష అయితే ఖర్చు 56 శాతానికి చేరుతుంది.

ఇది ఊహించి చెబుతున్న భయం కాదు. 2023-24లో ఎఫ్‌అండ్‌వో ట్రేడింగ్ చేసిన ఒక్కో వ్యక్తి సగటున 26 వేల రూపాయలు ఛార్జీలకే ఖర్చు పెట్టారని సెబీ అధ్యయనమే తేల్చింది. అందుకే ప్లాట్‌ఫాం చూసేటప్పుడు నెల ఫీజు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ స్ట్రాటజీ రోజుకు ఎన్ని ఆర్డర్లు పెడుతుందో కచ్చితంగా అడగాలి.

బ్యాక్‌టెస్ట్ మాయ

'గత ఐదేళ్లలో ఈ స్ట్రాటజీ ఇంత రాబడి ఇచ్చింది' అంటూ పైకి ఎగబాకే గ్రాఫ్ ఒకటి చూపిస్తారు. దీన్నే బ్యాక్‌టెస్ట్ అంటారు. పాత ధరల మీద కొత్త రూల్ పెట్టి చూడటం. పరీక్ష అయిపోయాక పేపర్ చూసి జవాబులు రాసినట్టే ఇది. ఎన్ని రూల్స్ మార్చి మార్చి చూస్తే, వాటిలో ఏదో ఒకటి బ్రహ్మాండంగా కనిపించక మానదు.

పైగా మార్కెట్ రూల్సే మారిపోయాయి. ఒకప్పుడు రిటైల్ ట్రేడర్లు ఎగబడిన బ్యాంక్ నిఫ్టీ వీక్లీ ఆప్షన్లు 2024 నవంబర్‌లో ఆగిపోయాయి. అదే నెలలో ఇండెక్స్ కాంట్రాక్ట్ కనీస విలువ 15 లక్షలకు పెరిగింది. 2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారింది. ఇక 2020, 2021 నాటి వీక్లీ ఆప్షన్ల మీద చేసిన బ్యాక్‌టెస్ట్ చూపిస్తే, ఆ మార్కెట్ ఇప్పుడు లేదు కదా అని అడగాల్సిందే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆల్గో గత రాబడిని గానీ, రాబోయే రాబడిని గానీ బ్రోకర్లు ప్రస్తావించకూడదని, అలా ప్రచారం చేసే ప్లాట్‌ఫాంలతో సంబంధం పెట్టుకోకూడదని సెబీ 2022 సెప్టెంబర్‌లోనే ఆదేశించింది. కాబట్టి అరచేతిలో వైకుంఠం చూపించే స్క్రీన్‌షాట్ కనిపిస్తే దాన్ని రెడ్ సిగ్నల్‌గానే తీసుకోవాలి.

కొత్త నిబంధనలతో మీకు ఏం వచ్చింది?

ఇప్పటిదాకా ఉన్న అసలు సమస్య ఏంటంటే, ఆల్గో తప్పుగా ట్రేడ్ చేసి డబ్బు పోతే ప్లాట్‌ఫాం వాళ్లు బ్రోకర్ వైపు, బ్రోకర్ ప్లాట్‌ఫాం వైపు వేలు చూపించేవాళ్లు. మధ్యలో ఇన్వెస్టర్ నలిగిపోయేవాడు. 2025 ఫిబ్రవరి సర్క్యులర్ దీనికే సమాధానం చెప్పింది. ఆల్గో ట్రేడింగ్‌లో అసలు బాధ్యత బ్రోకర్‌దే. ప్లాట్‌ఫాం బ్రోకర్‌కు ఏజెంట్ మాత్రమే. ఇన్వెస్టర్ ఫిర్యాదులు పరిష్కరించాల్సింది కూడా బ్రోకరే.

దీన్ని బట్టి డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

1. ప్లాట్‌ఫాం ఎక్స్ఛేంజ్‌లో ఎంప్యానెల్ అయిందా? ఎంప్యానెల్ కాని వాళ్ల ఆల్గోలు బ్రోకర్ ఇవ్వకూడదు. ప్లాట్‌ఫాం వాళ్ల మాట నమ్మకుండా మీ బ్రోకర్‌నే నేరుగా అడగండి.

2. ఇది వైట్ బాక్సా, బ్లాక్ బాక్సా? రూల్స్ అన్నీ మీకు కనిపిస్తే వైట్ బాక్స్. లోపల ఏముందో చెప్పకుండా 'నమ్మండి' అంటే బ్లాక్ బాక్స్. బ్లాక్ బాక్స్ అమ్మేవాళ్లకు సెబీ రీసెర్చ్ అనలిస్ట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబర్ ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో పేరు, నంబర్ రెండూ సరిపోల్చుకోండి.

3. లాగిన్ ఎలా జరుగుతోంది? మీ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే అక్కడితో ఆపేయండి. బ్రోకర్ సొంత పేజీలోనే లాగిన్ అవ్వాలి. టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ ఉండి తీరాలి.

4. ఆపే బటన్ ఎవరి చేతిలో ఉంది? రోజుకు గరిష్ఠ నష్టం ఇంత అని మీరే పెట్టుకునే వీలుండాలి. ఆ లిమిట్ దాటగానే అన్నీ ఆగిపోవాలి.

సొంతంగా కోడ్ రాసుకునేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది. సెకనుకు 10 ఆర్డర్ల పరిమితి దాటకపోతే ఆల్గోను విడిగా రిజిస్టర్ చేయక్కర్లేదు. కాకపోతే బ్రోకర్ దగ్గర నమోదైన స్టాటిక్ ఐపీ నుంచే ఆర్డర్లు వెళ్లాలి.

నెట్ పోతే ఏంటి పరిస్థితి?

ఆల్గో షేరు కొన్న తర్వాత నెట్ పోయిందనుకోండి. లేదా బ్రోకర్ సర్వర్ మొరాయించింది. స్టాప్‌లాస్ ఆర్డర్ అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో ఉందా, లేక ప్లాట్‌ఫాం సర్వర్‌లోనే ఉండిపోయిందా? రెండోదైతే ధర పడిపోతున్నా అమ్మేవాళ్లు ఉండరు.

సాఫ్ట్‌వేర్ తప్పు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక్క ఘటన చాలు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే పెద్ద ట్రేడింగ్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు వల్ల సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకుంది. నిపుణులు ఎందరో ఉన్న సంస్థకే అలా జరిగితే, ఫోన్ జేబులో పెట్టుకుని మీటింగ్‌లో కూర్చున్న వ్యక్తి పరిస్థితేంటి? 'ఆటోమేటిక్' అంటే చూడక్కర్లేదని కాదు. అందుకే ముందు నెల రోజులు డబ్బు పెట్టకుండా పేపర్ ట్రేడింగ్ చేయాలి. తర్వాత కూడా పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని చిన్న మొత్తంతోనే మొదలుపెట్టాలి.

ఇవి కనిపిస్తే వెంటనే బయటకు వచ్చేయండి

'మీ ఖాతా మాకిచ్చేయండి, మేమే నడుపుతాం, లాభంలో సగం ఇవ్వండి' అనేది ఒక రకం. వేరేవాళ్ల డబ్బును ఇలా మేనేజ్ చేయాలంటే పోర్ట్‌ఫోలియో మేనేజర్‌గా సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అక్కడ కనీస పెట్టుబడే 50 లక్షలు. టెలిగ్రామ్ గ్రూపులో 50 వేలకు ఆ సర్వీస్ దొరకదు. ఇంకో రకంలో డబ్బు మీ డీమ్యాట్ బ్రోకర్‌కి కాకుండా ఎవరిదో బ్యాంక్ ఖాతాకు పంపమంటారు. యాప్‌లో లాభం కనిపిస్తుంది, విత్‌డ్రా చేయబోతే 'ముందు ట్యాక్స్ కట్టండి' అంటారు. అది ఆల్గో కాదు, పచ్చి మోసం. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. బ్రోకర్ మీద ఫిర్యాదు ఉంటే సెబీ స్కోర్స్ పోర్టల్ ఉంది.

మరి ఎవరికి ఏది?

నెలకు కొంత దాచుకుని పదేళ్ల తర్వాత పిల్లల చదువుకో, ఇంటికో వాడుకోవాలనుకునేవాళ్లకు ఈ ప్లాట్‌ఫాంలు ఏవీ అక్కర్లేదు. ఇండెక్స్ ఫండ్‌లో సిప్ పెడితే అది కూడా ఆటోమేటిక్కే. ప్రతి నెలా తేదీ రాగానే దానంతట అదే జరిగిపోతుంది. రోజుకు 8 ఆర్డర్ల ఖర్చు ఉండదు.

ఇప్పటికే సొంత రూల్స్‌తో షేర్లు కొని అమ్మేవాళ్లకు, ఆ రూల్స్ పాటించడమే కష్టంగా ఉంటే, బ్రోకర్‌తో అనుసంధానమైన వైట్ బాక్స్ టూల్ పనికొస్తుంది. కోడింగ్ వస్తే ఏపీఐ ఉంది. ఇక వేరేవాళ్ల బ్లాక్ బాక్స్ అద్దెకు తీసుకోవాలనుకుంటే, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు సూటిగా జవాబు వచ్చి, ఖర్చుల లెక్క కాగితం మీద వేసుకున్నాకే ఆ అడుగు వేయాలి.

రూల్ ఏంటో మీకు తెలియకుండా మీ పేరు మీద ట్రేడ్ జరుగుతోందంటే, లాభమొచ్చిన రోజు కూడా ఎందుకొచ్చిందో తెలియదు. నష్టమొచ్చిన రోజు ఎక్కడ ఆపాలో అంతకన్నా తెలియదు. ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. డబ్బు పెట్టే ముందు సెబీ రిజిస్ట్రేషన్ ఉన్న సలహాదారుడితో ఒకసారి మాట్లాడటం మంచిది.